గ్రోల్ పాడేవాడికి వాము నీళ్లు

విజయవాడ సత్యనారాయణపురంలో మా బ్యాండ్‌కి ఓ చిన్న రికార్డింగ్ గది ఉంది. మొన్న ఉక్కపోతకి తట్టుకోలేక కిటికీ తెరిచి సాధన చేస్తుంటే ఎదురింటి పిన్నిగారు వచ్చారు. "ఎవరికి బాబూ వాంతులు? వాము నీళ్లు తేనా?" మా గాయకుడు మెలోడిక్ డెత్ మెటల్ (భీకరమైన గొంతుకి రాగం పలికే గిటార్లు కలిపే రాక్ సంగీతం) ఆల్బమ్‌కి గ్రోల్, అంటే గొంతు గరగరలాడిస్తూ పాడే పాట, పాడుతున్నాడంతే. ఆవిడకి చెప్పినవే ఇక్కడా చెబుతున్నా.

అపోహ: ఇలా అరిస్తే గొంతు పోతుంది.

వాస్తవం: స్వరతంత్రులకి కాస్త పైన ఇంకో జత మడతలుంటాయి. మింగేటప్పుడు అవీ మూసుకుంటాయి. గ్రోల్‌లో వినిపించే ఆ గరగర చాలావరకు వాటిదే, నడిపేది ఊపిరి. పక్కన నిలబడి వింటే గట్టిగా మాట్లాడినంతే ఉంటుంది. ఆ భీకరమంతా మైకూ, శబ్దంలో హెచ్చుతగ్గుల్ని సమం చేసే కంప్రెసరూ పెంచింది. మెడ నరాలు ఉబ్బేలా అరిచేవాళ్లకి మాత్రం గొంతు పోతుంది, అది నిజమే. నొప్పి అన్నారంటే ఆ రోజుకి మైకు కట్టేస్తా.

అపోహ: రాగం లేదు, తాళం లేదు.

వాస్తవం: గ్రోల్‌కి స్పష్టమైన శ్రుతి ఉండదు కాబట్టి రాగాన్ని గిటార్లు మోస్తాయి. 1990ల్లో స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్ బ్యాండ్లు ఈ పద్ధతికి పేరు తెచ్చాయి. వాళ్ల నేచురల్ మైనర్ అనే స్వరవరుస మన నఠభైరవి, హార్మోనిక్ మైనర్ మన కీరవాణి. తెలిసిన సంగీతం మాస్టారికి గిటార్ ట్రాకు ఒక్కటే వినిపిస్తే "కీరవాణేగా!" అన్నారు. డ్రమ్స్ కలపగానే లేచి వెళ్లిపోయారనుకోండి.

అపోహ: డెత్ అంటే చావు, దెయ్యాలు.

వాస్తవం: ఫిన్లాండ్ బ్యాండ్ అమార్ఫిస్ 1994 ఆల్బమ్‌లో పాడుకున్నది వాళ్ల జానపద ఇతిహాసం కలేవల. మా నాలుగో పాట 2024 బుడమేరు వరద మీద.

అపోహ: మధ్యలో మామూలు గొంతుతో పాడేది జనం కోసం కలిపిన పంచదార.

వాస్తవం: కలపడమే కష్టమండీ. గోథెన్‌బర్గ్ బ్యాండ్ డార్క్ ట్రాంక్విలిటీ 1999లో తెచ్చిన 'ప్రొజెక్టర్' ఆల్బమ్‌లో వాళ్ల గాయకుడు మైకేల్ స్టానే రెండు గొంతులూ తనే పాడాడు. తెలుగులో ఇంకో చిక్కు ఉంది. గ్రోల్‌లో అచ్చులు ఒకదాంట్లో ఒకటి కలిసిపోతాయి, 'నీలి' అంటే 'నాలా' అన్నట్టుంటుంది. ట, డ, ర, ఒత్తక్షరాలే నిలబడతాయి. అందుకే మా వరద పాటలో "కట్ట తెగింది" గ్రోల్‌కి ఇచ్చి, దీర్ఘం సాగే "ఊరే ఏరాయే" మామూలు గొంతుకి ఉంచాం. రెంటి మధ్య ఊపిరి తీసుకునే చోటు లేదు. 'ఊ' ఎత్తుకున్నప్పుడల్లా గరగర అంటుకునే వచ్చేది. విడివిడిగా రికార్డు చేసి అతికించొచ్చు, కానీ స్టేజీ మీద ఏం చేస్తాడు? చివరికి తాళంలో నాలుగు మాత్రల సేపు బేస్ గిటార్ ఒక్కటే మోగేలా ఖాళీ వదిలాం. ఏడో టేకుకి కుదిరింది.

మిక్సయ్యాక పిన్నిగారికి వినిపించాం. "రెండో అబ్బాయి గొంతు ఎంత బాగుందో! ఆ మొదటివాణ్ణి మాత్రం మాన్పించండి నాయనా," అన్నారు. పక్కనే కూర్చుని వాము నీళ్లు తాగుతున్నాడు, ఆ ఇద్దరూ అయినవాడు.