పారిపోయే రాక్షసులు: సోలో ఆటల్లో అపోహలు, వాస్తవాలు

సోలో టేబుల్‌టాప్ ఆటలకు, అంటే పాచికలు, కాగితంతో ఒక్కరే ఆడే సాహస కథల ఆటలకు, రూల్స్ రాసేవాళ్లం దెబ్బల మీద, కవచాల మీద పేజీలకు పేజీలు నింపుతాం. శత్రువు ఎప్పుడు వెన్ను చూపుతాడన్నది ఒక్క వాక్యంలో తేల్చేస్తాం. నా దృష్టిలో పోరాటానికి ప్రాణం ఆ వాక్యంలోనే ఉంది.

అపోహ: ఒక్కరమే ఆడుతున్నాం కదా, రాక్షసులు ఎప్పుడు పారిపోవాలో మనమే అనుకుంటే చాలు.

వాస్తవం: ఆట నడిపించే గేమ్ మాస్టర్ ఉంటే ఆ మాట చెల్లుతుంది. సోలోలో రెండు పక్షాలూ మనమే. హీరో చావుకు దగ్గరపడగానే గాబ్లిన్లకు (చిన్నపాటి రాక్షసులకు) భయం పుట్టించాలనిపిస్తుంది. అది మోసమనుకునేవాళ్లు ఎవరినీ పారిపోనివ్వరు, ప్రతి పోరూ ఆఖరి శవం దాకా ఈడ్చుకుంటూ పోతుంది. అందుకే నిర్ణయం పాచికలకు వదలాలి. 1981 నాటి డంజన్స్ అండ్ డ్రాగన్స్ అనే ఆట బేసిక్ రూల్స్‌లోని పద్ధతి నాకు ఇప్పటికీ ఇష్టం. ప్రతి జాతికీ 2 నుంచి 12 దాకా మొరేల్ స్కోరు, అంటే ధైర్యాన్ని కొలిచే అంకె, ఉంటుంది. రెండు ఆరుముఖాల పాచికలు వేసి, మొత్తం ఆ స్కోరును దాటితే ధైర్యం చెదిరినట్టే.

అపోహ: ఎంత తరచుగా పరీక్షిస్తే అంత సహజం.

వాస్తవం: లెక్క వేసి చూడండి. ఆరుగురు గాబ్లిన్లు, స్కోరు 7. పాచికలు 7 దాటే అవకాశం 36లో 15, అంటే దాదాపు 42 శాతం. మొదటివాడు పడ్డప్పుడు ఒకసారి, సగంమంది పడ్డాక ఒకసారి పరీక్షిస్తే గుంపు చెదిరే అవకాశం 66 శాతం. ఒక్కొక్కడు పడ్డప్పుడల్లా, ఐదుసార్లు పరీక్షిస్తే 93 శాతం! తెగించి నిలబడే గుంపు ఇక దాదాపుగా ఎదురుపడదు. పైగా పాచికలు వేసేదీ, రాసుకునేదీ ఒక్కరే.

అపోహ: ప్రతి రాక్షసుడికీ ప్రాణభయం ఉండాలి.

వాస్తవం: అక్కర్లేదు. ఆ బేసిక్ రూల్స్‌లో జాంబీలకు (నడిచే శవాలకు) స్కోరు 12, రెండు పాచికలు దాన్ని దాటలేవు. వాటికి పాచికలు వేయనే వద్దు.

అపోహ: పారిపోయినవాడితో పని తీరిపోయింది.

వాస్తవం: అసలు పని అప్పుడే మొదలవుతుంది. సోలో ఆటగాడికి తర్వాత ఏం జరుగుతుందో చెప్పేవాళ్లు లేరు, కాబట్టి ఆ సమాధానం రూల్‌లోనే ఉండాలి. నేనైతే ఒక పాచిక వేయిస్తాను. 1 లేదా 2 పడితే వాడు ఆయుధం పారేసి కనుమరుగవుతాడు. 3 లేదా 4 అయితే పక్క గదిలో నక్కుతాడు, హీరో అటు వెళ్తే మొదటి దెబ్బ వాడిదే. 5 పడితే తోడు తెస్తాడు. 6 పడితే హీరో ఏ ఆయుధం వాడాడో నాయకుడికి చేరవేస్తాడు, ఆ నాయకుడు ఎదురైనప్పుడు దానికి సిద్ధపడే ఉంటాడు. వాడి పేరు, వాడికి తగిలిన గాయం హీరో వివరాలుండే షీటు అంచున రాసుకోమంటాను. మూడు ఆటల తర్వాత కుంటుతూ ఎదురొచ్చే ఆ గాబ్లిన్, మనం కష్టపడి కల్పించిన విలన్ కన్నా ఎక్కువ గుర్తుండిపోతాడు.

ఒక్క జాగ్రత్త. పారిపోయినవాడికి కూడా అనుభవ పాయింట్లు పూర్తిగా ఇవ్వండి. చంపితేనే పాయింట్లంటే ఆటగాడు ప్రతివాడినీ తరిమి చంపుతాడు, ఈ పట్టికను ఎవరూ తెరవరు.