పూల్‌లో దిగితే బొక్కలు గట్టిపడతాయా?

"మేడం, బొక్కలు గుల్లబారినయని డాక్టర్ సారు చెప్పిండు. రోజూ పొద్దుగాల పూల్‌కు పోతున్న. ఇగ సాలు గదా?"

హన్మకొండలో ఫిజియోథెరపిస్టుగా నేను తరచూ వినే ప్రశ్న ఇది. అడిగేది ఎక్కువగా యాభై దాటిన ఆడవాళ్లే.

అపోహ: ఈత కొడితే ఎముకలు గట్టిపడతాయి.

వాస్తవం: బరువు మోస్తేనే ఎముక బలపడుతుంది. అడుగు నేలకు తగిలే అదురు, కండరం లాగే లాగుడు అందితేనే ఎముక కణాలు పని మొదలుపెడతాయి. నీళ్లు ఆ బరువునే దించేస్తాయి. నడుము లోతులో నిలబడితే కాళ్ల మీద పడేది ఒంటి బరువులో సుమారు సగం. మెడ దాకా మునిగితే దాదాపు పదో వంతే. అంటే 70 కిలోల మనిషిని కాళ్లు 7 కిలోల మనిషిలా మోస్తాయన్నమాట. పోటీల్లో ఈదేవాళ్ల ఎముకల సాంద్రత కూడా పరుగు, గెంతులుండే ఆటలవాళ్ల కంటే తక్కువే ఉంటుంది.

"మరి మేం నాట్లేసింది నీళ్లలనే గదా" అందొక పెద్దమ్మ. నవ్వొచ్చింది కానీ మంచి ప్రశ్న. మడిలో నీళ్లు పిక్కల దాకా కూడా రావు, బరువంతా కాళ్ల మీదే. నారు కట్టల మోత అదనం.

అపోహ: అయితే నీళ్ల వ్యాయామం దండగ.

వాస్తవం: కాదు. మోకాళ్ల నొప్పితో పది అడుగులు వేయలేనామె ఛాతీ లోతు నీళ్లలో అరగంట నడవగలదు. కండబలం, నిలకడ పెరుగుతాయి, పడిపోయే ముప్పు తగ్గుతుంది. నీళ్లలోనే గెంతులు, వేగంగా కాళ్లూ చేతులూ ఆడించడం చేస్తే, ఏ వ్యాయామమూ చేయనివాళ్ల కంటే ఎముక తరుగుదల కొంత నెమ్మదించినట్టు పరిశోధనల్లో కనిపించింది. నేల మీద చేస్తే ఫలితం ఇంకాస్త ఎక్కువ. అందుకే నేను పూల్ మాన్పించను. వారంలో రెండు మూడు రోజులు నేల మీద పని కలుపుతాను: కుర్చీలోంచి లేచి కూర్చోవడం, మెట్లు, చేతిలో బరువులు. భద్రకాళి బండ్ మీద నడక మంచిదే, అదొక్కటే చాలదు. వెన్నుపూస ఇప్పటికే నలిగి ఉంటే గెంతులూ, ముందుకు వంగి బరువులెత్తడమూ వద్దు.

అపోహ: మోకాళ్లు అరిగాయంటే ఎముకలు గుల్లబారినట్టే.

వాస్తవం: అరిగేది కీలులో ఎముకల చివర ఉండే మెత్తటి పొర, అంటే మృదులాస్థి. గుల్లబారడం వేరే జబ్బు, ఎముక విరిగేదాకా నొప్పే ఉండదు. తేల్చేది ఎముకల సాంద్రత కొలిచే డెక్సా స్కాన్: అందులో వచ్చే టీ-స్కోర్ (ఆరోగ్యంగా ఉన్న వయసువాళ్ల ఎముకలతో పోల్చి ఇచ్చే అంకె) మైనస్ 2.5 లేదా అంతకంటే తక్కువైతే గుల్లబారినట్టు. ముట్టు ఆగిన తొలి ఐదారేళ్లలో తరుగుదల జోరుగా ఉంటుంది. డాక్టర్ మందు రాస్తే, ఈతకు పోతున్నామని దాన్ని ఆపకండి.

అపోహ: కాల్షియం గోళీ వేసుకుంటే అయిపోయింది.

వాస్తవం: ముట్టు ఆగిన ఆడవాళ్లకు భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) చెప్పేది రోజుకు 1200 మిల్లీగ్రాముల కాల్షియం. 100 గ్రాముల తైదల్లోనే (రాగులు) 350 దాకా ఉంటుంది. అంబలి, పాలు, పెరుగుతో చాలావరకు వచ్చేస్తుంది. తక్కువైనదానికే గోళీ.

ఇంకొకటి. నా దగ్గరికి మణికట్టు విరిగి వచ్చినవాళ్లలో ఒకామె పడింది నీళ్లలో కాదు, పూల్ గట్టు మీది తడి గచ్చు మీద. జారని రబ్బరు చెప్పులు కొనుక్కోండి, మెట్ల దగ్గర కడ్డీ పట్టుకొని దిగండి.