తప్పులు బయటపడే వేగం

2005లో జాషువా ఫోయర్ అనే కుర్ర విలేకరి అమెరికా జ్ఞాపకశక్తి పోటీల గురించి రాద్దామని చూడటానికి వెళ్ళాడు. 2006లో అదే పోటీలో తనే దిగి గెలిచాడు. బాగా కలిపిన 52 పేకముక్కల వరుసను 1 నిమిషం 40 సెకన్లలో గుర్తుపెట్టుకున్నాడు, అప్పటికి అది అమెరికా రికార్డు. పుట్టుకతో వచ్చిన వరం ఏమీ లేదు, అందరిలాంటి జ్ఞాపకశక్తే. మరి ఒక్క ఏడాదిలో అంత దూరం ఎలా వెళ్ళాడన్నది నాకు చాలా ఇష్టమైన ప్రశ్న, ఎందుకంటే చదరంగమైనా టైపింగైనా పోటీకి దిగి నేర్చుకునేవాళ్ళందరికీ ఇందులో పనికొచ్చే విషయం ఉంది.

మొదటి మెట్టు, పద్ధతి. బాగా తెలిసిన ఇంటిని మనసులో పెట్టుకుని, గుర్తుండాల్సినవాటిని గది గదికీ బొమ్మలుగా పెట్టుకుంటూ పోవడం. నేను మా అమ్మమ్మ ఇల్లు వాడతాను: వీధి అరుగు, నడవ, వంటిల్లు, నూతి గట్టు. ఇస్పేటు రాజంటే ఒక మనిషి, ఆటీను రాణంటే ఇంకొకరు, ప్రతి ముక్కకీ ఒక మనిషి, ఒక పని, ఒక వస్తువు ముందే ఖాయం చేసుకుంటే మూడు ముక్కలు కలిసి ఒకే బొమ్మ అవుతాయి. 52 ముక్కలకి 18 బొమ్మలు చాలు. ఇది ఎవరికైనా పట్టుబడుతుంది. 2017లో అచ్చయిన ఒక పరిశోధనలో మామూలు మనుషులు రోజుకి అరగంట చొప్పున 40 రోజులు ఇలా సాధన చేస్తే, 72 మాటల జాబితాలో సగటున 26 గుర్తుండేవాళ్ళకి 62 దాకా గుర్తున్నాయి.

అసలు చిక్కు ఆ తర్వాత వస్తుంది. కొన్నాళ్ళు గబగబా పెరిగిన వేగం ఒకచోట ఆగిపోతుంది, ఎన్ని గంటలు కూర్చున్నా కదలదు. పని చేతికి అలవాటైపోయాక మెదడు దాన్ని పట్టించుకోవడం మానేస్తుంది, అందుకే ఇరవై ఏళ్ళు రోజూ టైపు చేసినవాళ్ళ వేగం కూడా పెరగకుండా ఉండిపోతుంది. ఫోయర్ ఇక్కడే ఇరుక్కున్నాడు. నైపుణ్యాల మీద జీవితమంతా పరిశోధించిన ఆండర్స్ ఎరిక్సన్ ఆయనకి ఇచ్చిన సలహా: మెట్రోనోమ్ (పెట్టిన వేగానికి టిక్కు టిక్కుమనే పరికరం) పెట్టుకో, నీకు చేతనైన వేగం కంటే 10 నుంచి 20 శాతం ఎక్కువ పెట్టి ముక్కలు తిప్పు, తప్పులు వస్తాయి, రానీ, ఏ ముక్కల దగ్గర వస్తున్నాయో రాసుకో. అలా చేస్తే తేలిందేమిటంటే, అన్ని ముక్కలూ ఒకేలా ఇబ్బంది పెట్టడం లేదు, కొన్ని మాత్రమే ప్రతిసారీ ఆపుతున్నాయి. వాటిని సరిచేసుకున్న కొద్ది రోజుల్లోనే ఆగిన వేగం మళ్ళీ కదిలింది. హాయిగా ఉన్న వేగంలో వందసార్లు చేసినా ఈ సంగతి బయటపడదు!

ఇంకో మాట, ఒకదాంట్లో వచ్చిన నేర్పు పక్కదానికి అంత తేలిగ్గా పాకదు. ఎరిక్సన్ దగ్గరే అంతకుముందు ఒక కాలేజీ కుర్రాడు 200 గంటలకు పైగా సాధనతో, వినిపించిన అంకెల్లో 7 మాత్రమే చెప్పగలిగే స్థితి నుంచి 79 దాకా చెప్పగలిగాడు. అతను పరుగుపందేల మనిషి, అంకెలను పరుగు సమయాలుగా మార్చుకునేవాడు. అంకెల బదులు అక్షరాలు ఇవ్వగానే మళ్ళీ ఆరు దగ్గరికి వచ్చేశాడు. కాబట్టి ఏ పోటీకి వెళ్తున్నామో సరిగ్గా దాన్నే, ఆ పోటీలోలాగే గడియారం పెట్టుకుని సాధన చెయ్యాలి.

మన అవధానులు గుర్తొస్తారు నాకిక్కడ. ప్రశ్నలడిగే ఎనిమిదిమంది పృచ్ఛకులు, మధ్యలో దృష్టి మళ్ళించే అప్రస్తుత ప్రసంగం, మోగిన ఘంటల లెక్క, ఒక్కో ఆవృతంలో (చుట్టులో) ఒక్కో పాదం, ఆఖర్న అన్ని పద్యాలూ ధారణ, అంటే గుర్తుపెట్టుకుని అప్పజెప్పడం. నా ఉద్దేశంలో అక్కడ ఇంటి గదుల పని ఛందస్సు చేస్తుంది: ఉత్పలమాల పాదమంటే 20 అక్షరాలు, పదోది యతి, రెండోది ప్రాస, ఇలా చోట్లు ముందే ఖాయమై ఉంటాయి కనుక మాట వెళ్ళి అక్కడ కూర్చుంటుంది.

నేను మొదలుపెట్టి ఆరు వారాలైంది, ఒక పేక మొత్తానికి ఇంకా ఏడు నిమిషాలు పడుతోంది. తప్పుల పుస్తకం చూస్తే మూడోవంతు తప్పులు కళావరు ఏడు, డైమన్ ఏడు దగ్గరే. రెండింటికీ నేను పెట్టుకున్న మనుషులు మా ఊరి మాస్టార్లే, ఇద్దరి చేతిలోనూ బెత్తమే. ఈ వారం ఒకాయన చేతికి గొడుగు ఇచ్చి చూస్తున్నాను.