రిచెర్కార్: వెతుకులాట పేరున్న సంగీతం

1747 మే నెలలో జర్మన్ స్వరకర్త బాఖ్ పోట్స్‌డామ్ వెళ్ళాడు. అప్పటికి అతనికి 62 ఏళ్ళు. కొడుకు కార్ల్ ఫిలిప్ ఇమాన్యుయేల్ అక్కడే, ప్రష్యా రాజు ఫ్రెడరిక్ కొలువులో హార్ప్సికార్డ్ అనే మీటల వాయిద్యం వాయించేవాడు. రాజు కూడా ఫ్లూట్ బాగా వాయిస్తాడు. ఆయన ఒక స్వరవరుస వినిపించి, దీని మీద అప్పటికప్పుడు ఫ్యూగ్ కట్టమన్నాడు. బాఖ్ కట్టాడు. లైప్సిగ్ తిరిగొచ్చాక అదే వరుస మీద ఒక పుస్తకమే రాసి, అచ్చు వేయించి, రాజుకు అంకితమిచ్చాడు.

అందులో పెద్ద ఫ్యూగులు రెండు. ఒకటి మూడు గొంతులది, ఇంకోటి ఆరు గొంతులది. గొంతు అంటే ఇక్కడ పాడే గొంతే కానక్కర్లేదు, మిగతావాటితో కలిసి విడిగా నడిచే ఒక స్వరవరుస. ఫ్యూగ్ అంటే ఒక గొంతు ఎత్తుకున్న వరుసనే రెండోది, మూడోది వెంటవెంటనే అందుకుంటూ పోయే రచన. విచిత్రం ఏమిటంటే, ఈ రెండింటికీ బాఖ్ ఆ పేరు పెట్టలేదు. ‘రిచెర్కార్’ అన్నాడు. అప్పటికే పాతబడిపోయిన ఇటాలియన్ మాట అది.

మాటకు అర్థం ‘వెతకడం’. ఇవాళ ఇటలీలో రిచెర్కా అంటే యూనివర్సిటీల్లో చేసే పరిశోధన. 1507లో వెనిస్‌లో స్పినాచినో ల్యూట్ (మీటి వాయించే తీగల వాయిద్యం) పుస్తకం అచ్చయినప్పుడు మాత్రం అంత బరువు లేదు. వేళ్ళు తీగల మీద తిరుగుతూ స్వరాలు తడుముకోవడమే రిచెర్కార్. మరుసటి ఏడాది వచ్చిన దాల్జా పుస్తకంలో ముందు తీగలు పలికించి చూసుకునే చిన్న ముక్క ఉంటుంది, దాని వెనకే రిచెర్కార్. 1703లో ఫ్రాన్స్‌లో బ్రొసార్ వేసిన సంగీత నిఘంటువు కూడా ఇదే చెబుతుంది: అసలు రచనలో వాడబోయే పోకడలను వాయిద్యకారుడు ముందుగా వెతుక్కుంటున్నట్టు ఉండే వాదనం, మామూలుగా అప్పటికప్పుడు పుట్టేది. కృతికి ముందు వచ్చే ఆలాపన మనకు గుర్తొస్తే తప్పులేదు గానీ, పోలిక అంతవరకే.

ఎందుకంటే ఆ మాటకు ఈలోగా రెండో జీవితం మొదలైంది. చర్చి బృందగానంలో ఒక గొంతును ఇంకో గొంతు అనుసరించే పద్ధతిని ఆర్గన్ వాళ్ళు తమ మీటల మీదికి తెచ్చుకున్నారు. 1543లో వచ్చిన జిరోలామో కవాత్సోనీ పుస్తకంలో ఆ రకం రిచెర్కార్లు కనిపిస్తాయి. ఇప్పుడు వెతికేది వేళ్ళు కాదు, బుర్ర. ఒక చిన్న వరుసలో ఎన్ని దారులు దాగున్నాయో తవ్వి చూడాలి.

ఈ వెతుకులాటను ఆటగా మార్చినవాడు రోమ్‌లో సెయింట్ పీటర్స్ చర్చి ఆర్గనిస్టు ఫ్రెస్కోబాల్డి. 1635 నాటి అతని ‘ఫియోరి మ్యూజికాలి’లో నాలుగు గొంతుల రిచెర్కార్ ఒకటుంది. ఐదో గొంతును వాయించకూడదు, పాడాలి. ఎక్కడ పాడాలో మాత్రం చెప్పడు, వాయించేవాడే కనిపెట్టుకోవాలి. పైగా ఒక చురక: ‘అర్థం చేసుకోగలవాడు చేసుకోనీ, నా మాట నాకు అర్థమవుతోంది.’ చర్చి సంగీతంలో ఇంత పొగరు ముచ్చటగానే ఉంటుంది!

బాఖ్ దగ్గర ఈ పుస్తకం ప్రతి ఉండేది, దాని మీద 1714 అని వేసుకున్నాడు. కాబట్టి 1747లో ఆ మాట ఊరికే వాడాడని నేననుకోను. మూడు గొంతుల రచనలో రాజు ఎదుట ఆశువుగా వాయించిన వాసన ఇంకా ఉంది, అక్కడక్కడా సరదాగా పక్కదారి పడుతుంది. అది మొదటి అర్థం. ఆరు గొంతుల రచన గంభీరంగా, పాతకాలపు నియమాలతో నడుస్తుంది. ఫ్రెస్కోబాల్డి పుస్తకంలో లాగే, పేజీ మీద ఒక్కో గొంతుకూ విడిగా ఒక్కో స్వరలిపి పంక్తి ఇచ్చి అచ్చు వేశారు కూడా. అది రెండో అర్థం. రాజు ఆరు గొంతుల ఫ్యూగ్ వినాలన్నప్పుడు బాఖ్ తనకు నచ్చిన వేరే వరుస మీద వాయించాడంటారు. రాజుగారి వరుస మీద అది కుదరాలంటే ఇంటికెళ్ళి కూర్చోవలసి వచ్చింది.

దీనికి తోడు లాటిన్‌లో ఒక పదక్రీడ: ‘రాజాజ్ఞ మేరకు ఈ రచన, మిగిలినవి కానన్ కళతో సాధించినవి’ అని అర్థమొచ్చే వాక్యం రాశాడు. కానన్ అంటే ఒక గొంతు వరుసను ఇంకో గొంతు నియమం తప్పకుండా అనుసరించే రచన. ఆ లాటిన్ వాక్యంలోని మాటల మొదటి అక్షరాలు కలిపితే రిచెర్కార్ అని వస్తుంది.

బాఖ్ తర్వాత ఆ పేరుతో రాసినవాళ్ళు తక్కువే. 1951–53 మధ్య హంగరీలో లిగెటి అనే స్వరకర్త పదకొండు పియానో ముక్కలకు ‘మ్యూజికా రిచెర్కాటా’ అని పేరు పెట్టాడు. మొదటి ముక్క దాదాపు అంతా ఒకే స్వరం, రెండో స్వరం చిట్టచివర మాత్రమే వినిపిస్తుంది. ముక్క ముక్కకూ ఒక్కో స్వరం చేరుతూ పోయి, పదకొండోది ఫ్రెస్కోబాల్డికి అంకితమైంది.