ఓపెన్ సోర్స్ ప్రెస్ నోట్ దిద్దడం: అపోహలు - వాస్తవాలు

సాఫ్ట్‌వేర్ టీమ్‌లు రాసిచ్చే ప్రెస్ నోట్లు దిద్దడం నా పని. అందులో ఓపెన్ సోర్స్ విడుదలల తీరే వేరు, అంటే కోడ్‌ని ఎవరైనా చూసి, వాడుకుని, మార్చి పంచుకునేలా ఇచ్చేవి. మామూలు ప్రోడక్ట్ గురించి కాస్త ఎక్కువ చెప్పినా లోపలికి తొంగి చూసేవాళ్లుండరు. ఇక్కడ చదివినవాళ్లు ఐదు నిమిషాల్లో రిపో (కోడ్ పెట్టి ఉంచే ఆన్‌లైన్ చోటు) తెరిచి, మనం రాసింది నిజమో కాదో తేల్చేస్తారు. అందుకే మొదటి వాక్యం ముట్టుకునే ముందు రిపో నేనే తెరుస్తాను.

అపోహ: ఎడిటర్ భాష చూస్తే చాలు, లైసెన్స్ సంగతి లాయర్లు చూసుకుంటారు.

వాస్తవం: నేను మొట్టమొదట చూసేది లైసెన్స్ ఫైలే, కోడ్‌ని ఎవరు ఎలా వాడొచ్చో చెప్పేది అదే. నోట్‌లో నాలుగుసార్లు ఓపెన్ సోర్స్ అని ఉంటుంది, రిపోలో మాత్రం ఆ ఫైల్ ఉండదు. లైసెన్స్ లేకపోతే కోడ్ కంటికి కనిపిస్తుందంతే, కాపీరైట్ రాసినవాళ్లదే, దాన్ని తీసుకుని మార్చి పంచే హక్కు ఎవరికీ రాదు. కొన్నిసార్లు ఫైల్ ఉంటుంది, లోపల ‘వ్యాపారానికి వాడరాదు’ అని ఒక షరతు నక్కి ఉంటుంది. ఓపెన్ సోర్స్ ఇనిషియేటివ్ అనే సంస్థ 1998లో ఏర్పడింది. వాళ్ల నిర్వచనంలో 10 అంశాలున్నాయి, ఫలానా రంగంలో వాడకూడదు అని ఆంక్ష పెట్టకూడదన్నది ఆరోది. ఎంఐటీ, అపాచీ 2.0, జీపీఎల్ లాంటి లైసెన్స్‌లతో పేచీ లేదు. డేటాబేస్ కంపెనీ మోంగోడీబీ 2018లో తెచ్చిన ఎస్‌ఎస్‌పీఎల్ లైసెన్స్, సర్వర్ల ఏర్పాటుకు వాడే టెరాఫామ్ అనే టూల్ 2023లో మారిన బిజినెస్ సోర్స్ లైసెన్స్ మాత్రం వాళ్లు ఆమోదించినవి కావు. అలాంటి లైసెన్స్ పెట్టుకోవడం మీ ఇష్టం, అప్పుడు ‘సోర్స్ కోడ్ చూడొచ్చు, ఈ షరతులకు లోబడి వాడొచ్చు’ అని రాయండి. ఓపెన్ సోర్స్ అని రాశారో, విడుదల రోజంతా ఆ ఒక్క మాట మీదే గొడవ, మీ సాఫ్ట్‌వేర్ ఏం చేస్తుందో అడిగే నాథుడుండడు. ఏఐ మోడల్ వెయిట్స్ (శిక్షణలో మోడల్ నేర్చుకున్న అంకెలు) మాత్రమే ఇస్తూ ఓపెన్ సోర్స్ అనేవాళ్లకీ ఇదే మాట: ఓపెన్ వెయిట్స్ అనండి, సరిపోతుంది.

అపోహ: ఓపెన్ సోర్స్ అంటే ఉచితం, హెడ్డింగ్‌లో అదే ఉండాలి.

వాస్తవం: ఇంగ్లిష్‌లో ధర లేకపోవడానికీ స్వేచ్ఛకీ ‘ఫ్రీ’ అని ఒకటే మాట, ఆ తికమక వాళ్లకి తప్పదు. మనకి ఉచితం, స్వేచ్ఛ అని విడివిడిగా రెండు మాటలున్నా ఆ తికమకని అరువు తెచ్చుకుంటున్నాం. జీపీఎల్ సాఫ్ట్‌వేర్‌ని డబ్బు తీసుకుని అమ్మొచ్చు, ఆ లైసెన్స్ ఒప్పుకుంటుంది. కాబట్టి సపోర్ట్‌కి డబ్బు తీసుకుంటున్నారా, క్లౌడ్ వెర్షన్ విడిగా అమ్ముతున్నారా అని టీమ్‌ని అడిగి ఆ సంగతి నోట్‌లోనే చెప్పేస్తాను. దాచితే తర్వాత ఎవరో ఒకరు బయటపెడతారు.

అపోహ: గొప్పగా రాస్తేనే విలేకరులు పట్టించుకుంటారు.

వాస్తవం: ఈమధ్య ఒక నోట్ హెడ్డింగ్ ఇలా వచ్చింది: ‘డేటా నిర్వహణలో విప్లవాత్మక మార్పులకు నాంది పలికే అత్యాధునిక వేదిక ఆవిష్కరణ’. రెండుసార్లు చదివినా అదేమిటో నాకు అర్థం కాలేదు, చివరికి రిపోలో పరిచయంగా ఉండే రీడ్‌మీ ఫైల్ చూస్తే తెలిసింది. దిద్దాక: ‘భారీ లాగ్ ఫైళ్లలో ఎర్రర్లు వెతికి పెట్టే టూల్ 1.0 విడుదల, అపాచీ 2.0 లైసెన్స్‌తో కోడ్ అందరికీ’. టీమ్‌లో ఒకరు ‘మరీ సప్పగా ఉందండీ’ అన్నారు. సప్పగానే ఉంది, కానీ అదేమిటో తెలుస్తోంది కదా! 1991 ఆగస్టులో లినస్ టోర్వాల్డ్స్ తన ఆపరేటింగ్ సిస్టమ్ గురించి చెబుతూ ఇది హాబీ మాత్రమే, పెద్దదేమీ కాదు అన్నాడు, ఏ రకం హార్డ్ డిస్క్‌తో పనిచేస్తుందో కూడా ఆ కబురులోనే చెప్పాడు. అదే తర్వాత లినక్స్ అయింది. ఏది ఇంకా పనిచేయదో ఒక్క వాక్యం పెట్టమని నేను ప్రతి టీమ్‌నీ బతిమాలతాను. సగం మంది వింటారు.

వెర్షన్ నంబర్ కూడా చూడండి. సెమాంటిక్ వెర్షనింగ్ (వెర్షన్ నంబర్లు ఎలా ఇవ్వాలో చెప్పే పద్ధతి) పాటించేచోట సున్నాతో మొదలయ్యే వెర్షన్ అంటే ఎప్పుడైనా ఏదైనా మారొచ్చని. 0.4కి ‘స్థిరమైన, సంస్థలకు సిద్ధమైన’ అని తగిలించకండి.

అపోహ: కోడ్ అందరికీ కనిపిస్తుంది కాబట్టి ‘పూర్తిగా సురక్షితం’ అని రాయొచ్చు.

వాస్తవం: ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ అంటే ఇంటర్నెట్‌లో డేటాని గోప్యంగా పంపడానికి వాడే ఓపెన్ సోర్స్ కోడ్. 2012 మార్చిలో వచ్చిన దాని 1.0.1 వెర్షన్‌లో ఉన్న హార్ట్‌బ్లీడ్ అనే భద్రతా లోపం 2014 ఏప్రిల్‌లో గానీ లోకానికి తెలియలేదు. రెండేళ్లు అది అందరి కళ్లముందే ఉంది. ఆ వాక్యం కొట్టేసి, లోపం దొరికితే ఎవరికి చెప్పాలో రాయండి.

అపోహ: స్టార్లు, డౌన్‌లోడ్‌లు ఎంత ఎక్కువ చెబితే అంత మంచిది.

వాస్తవం: గిట్‌హబ్ లాంటి, రిపోలు పెట్టుకునే సైట్లలో నచ్చిందని స్టార్ కొట్టినవాళ్లంతా వాడుతున్నట్టు కాదు. బిల్డ్ (కోడ్ నుంచి ప్రోగ్రామ్ తయారుచేసే ఆటోమేటిక్ పని) నడిచిన ప్రతిసారీ ప్యాకేజీ మళ్లీ డౌన్‌లోడ్ కావచ్చు, అప్పుడు ఆ అంకెలో మనుషులెందరో, మెషీన్లెన్నో ఎవరికీ తెలియదు. ‘ఇంతమంది యూజర్లు’ అని మాత్రం మార్చి రాయకండి.

అపోహ: లింక్ ఇచ్చారు కదా, ఇంకేం చూడాలి?

వాస్తవం: ఇది నా చేతుల మీదుగా జరిగిన పొరపాటు. నోట్ వెళ్లిపోయింది, పది నిమిషాల్లో ఒక విలేకరి ఫోన్, ‘పేజీ లేదంటోందండీ’ అని. నాకు లింక్ బాగానే తెరుచుకుంటోంది, టీమ్ అందరికీ తెరుచుకుంటోంది. తీరా చూస్తే రిపో ఇంకా ప్రైవేట్‌లోనే ఉంది. గిట్‌హబ్‌లో ప్రైవేట్ రిపోకి అనుమతి లేనివాళ్లు వెళితే ‘ప్రైవేట్’ అని చెప్పదు, 404, అంటే ‘పేజీ లేదు’ అని చూపిస్తుంది. మేమంతా లాగిన్ అయి ఉన్నాం కాబట్టి మాకు తెలియలేదు. పబ్లిక్ చేయాల్సిన వ్యక్తేమో నిద్రపోతున్నాడు, ఆయన లేచేదాకా మా టెన్షన్ చెప్పనలవి కాదు. అప్పటినుంచి ప్రతి లింక్‌నీ ఇన్‌కాగ్నిటోలో, అంటే నా లాగిన్ పనిచేయని బ్రౌజర్ విండోలో తెరుస్తాను. నోట్‌లో ఇన్‌స్టాల్ కమాండ్ ఉంటే ఏమీ లేని కొత్త మెషీన్‌లో కాపీ పేస్ట్ చేసి చూస్తాను. ముఖ్యంగా ఆ నోట్ వర్డ్‌లో టైప్ చేసి ఉంటే, అది రెండు హైఫన్లని ఒక పొడుగు గీతగా మార్చేసి ఉంటుంది, కంటికి తేడా కనబడదు, కమాండ్ మాత్రం నడవదు.