స్ప్రింగ్ మెత్తబడదు

అమ్మను కోదాడ నుంచి హైదరాబాద్ తీసుకొస్తున్నాను. సూర్యాపేట దాటాక వెనక సీట్లోంచి "ఏంట్రా, కారు పడవలా ఊగుతోంది" అంది. నాకేమీ తెలియడం లేదు. రోజూ నడిపేవాడికి తెలియదు కూడా. షాకబ్జర్ ఒక్కరోజులో పాడవదు. ఏళ్ల తరబడి కొద్దికొద్దిగా అరుగుతుంది, మన నడుమూ అలాగే కొద్దికొద్దిగా అలవాటు పడిపోతుంది. మాది 2009 మోడల్ చిన్న కారు, 1,30,000 కిలోమీటర్లు తిరిగింది. ఆఫీసుకైనా ఊరికైనా అదే.

సస్పెన్షన్, అంటే చక్రాలకూ కారుకూ మధ్య ఉండే స్ప్రింగులు, షాకబ్జర్ల ఏర్పాటు, బాగు చేయిద్దామనుకుంటున్నానని చెప్పగానే తలా ఒక సలహా ఇచ్చారు. గట్టి స్ప్రింగులు వేయించమని ఒకరు, స్ప్రింగ్ చుట్ల మధ్య రబ్బరు బఫర్లు పెట్టించమని ఇంకొకరు. అన్నిటికీ మూలం ఒకటే నమ్మకం: బండి పాతబడితే స్ప్రింగ్ మెత్తబడుతుందని. అది నిజం కాదు.

స్ప్రింగ్ ఎంత గట్టిగా ఉంటుందన్నది ఉక్కు గుణం, తీగ మందం, చుట్టు వెడల్పు, చుట్ల సంఖ్య తేల్చేస్తాయి. తీగ మందం ప్రభావం ఎంతంటే, 10 మిల్లీమీటర్ల తీగ బదులు 11 మిల్లీమీటర్లది వాడితే గట్టితనం ఏకంగా 46 శాతం పెరుగుతుంది. ఉక్కు సాగే గుణం వయసుతో తగ్గదు. ఏళ్లపాటు బరువు మోసి స్ప్రింగ్ కాస్త కుంగుతుంది, అంటే పొట్టిదవుతుంది. తుప్పు తింటే విరగొచ్చు. కానీ కుంగడం వేరు, మెత్తబడడం వేరు. కుంగిన స్ప్రింగుకు మందు అదే కొలతలున్న కొత్త స్ప్రింగ్, అంతేగానీ ఇంకా గట్టిది కాదు.

గట్టిదైతే నష్టమేంటి? కారు బరువుకు స్ప్రింగ్ 25 సెంటీమీటర్లు నొక్కుకుంటే, ఆ కారు సెకనుకు ఒకసారి చొప్పున పైకీ కిందికీ ఊగుతుంది. ఆరు సెంటీమీటర్లే నొక్కుకుంటే సెకనుకు రెండుసార్లు. మామూలు కార్లను సెకనుకు ఒకటి, ఒకటిన్నర ఊపుల దగ్గర ఉంచుతారు. దీనికి కారణం మన ఒళ్లే. ఐదు సెకన్లకు ఒకటి లాంటి నిదానపు ఊపు కడుపులో తిప్పుతుంది, సముద్రం మీద ఓడలో జరిగేది అదే. సెకనుకు నాలుగు నుంచి ఎనిమిది దాకా ఉండే కుదుపులేమో సరిగ్గా నడుముకూ కడుపుకూ తగులుతాయి. ఈ రెంటి మధ్యా ఒంటికి పడే చోటు చిన్నదే. కంపెనీ ఇంజనీర్లు చాలా లెక్కలు వేసి కారును అక్కడ కూర్చోబెడతారు. బఫర్ పెడితే ఒక చుట్టు పనిచేయడం మానేస్తుంది, స్ప్రింగ్ గట్టిపడుతుంది, ఆ లెక్క చెదిరిపోతుంది.

మరి అమ్మకు తెలిసిన ఊపు ఏది? ఊపు వేగం మారలేదు. ఊపు ఆగడం లేదు, అదీ తేడా. ఆపాల్సింది షాకబ్జర్. గొట్టంలో నూనె, అందులో ఒక పిస్టన్, పిస్టన్‌కు సన్నని దారులు. గుంతలో పడ్డప్పుడు స్ప్రింగ్ మింగిన శక్తిని తిరిగి కక్కుతుంది. షాకబ్జర్ ఆ శక్తితో నూనెను సన్నని దారుల్లోంచి తోయించి వేడిగా మార్చేస్తుంది. బాగా గతుకుల రోడ్డు మీద తిరిగొచ్చాక దాని ఒళ్లు వెచ్చగా ఉంటుంది. నూనె కారిపోయినా, లోపలి వాల్వులు అరిగినా ఆ శక్తికి పోయే దారి ఉండదు, కారు ఊగుతూనే ఉంటుంది. ఇలాంటి దాని పక్కన గట్టి స్ప్రింగ్ పెట్టారనుకోండి, అది ఇంకా బలంగా ఎగదోస్తుంది, ఆపే సత్తా షాకబ్జర్‌కు ఉండదు. రోగం ముదురుతుంది.

ముందు చక్రం దగ్గరి షాకబ్జర్‌ను మెకానిక్ విప్పి, స్ప్రింగ్ పక్కన పెట్టి, షాకబ్జర్‌ను నా చేతికిచ్చాడు. కడ్డీ చుట్టూ నూనె, దుమ్ము కలిసి నల్లటి మడ్డిలా పేరుకుపోయి ఉంది. "సార్, మీరే నొక్కి చూడండి" అన్నాడు. నొక్కితే మొదటి అంగుళం ఏ అడ్డూ లేకుండా జారిపోయింది, ఆ తర్వాతే కాస్త పట్టింది. కడ్డీ అక్కడే ఉండిపోయింది. కొత్తదాన్ని రెండు చేతులతో, ఒంటి బరువంతా వేసి నొక్కాల్సి వచ్చింది. చేయి తీయగానే మెల్లగా తనంతట తానే పైకి లేచింది, లోపల నైట్రోజన్ గ్యాస్ ఉంటుంది కాబట్టి. "స్ప్రింగ్‌కి ఏం కాలే సార్, మంచిగుంది" అన్నాడు.

(ఈ స్ప్రింగ్ తీసే పని ఇంట్లో మాత్రం పెట్టుకోకండి. మిల్లీమీటరుకు రెండు కిలోల బలం అడిగే స్ప్రింగును 15 సెంటీమీటర్లు నొక్కి పట్టుకుంటే, అందులో దాగే శక్తి 23 కిలోల మూట మీటరు ఎత్తు నుంచి పడినంత.)

ఊపు ఒక్కటే అయితే ఇంత పట్టుబట్టేవాణ్ణి కాదు. కారు ఒళ్లు ఊగడం వేరు, చక్రం ఎగరడం వేరు. స్ప్రింగ్‌కూ టైరులోని గాలికీ మధ్య చిక్కుకున్న చక్రం తనంతట తాను సెకనుకు 10 నుంచి 15 సార్లు ఎగరగలదు. దాన్ని నేలకు అదిమి ఉంచేదీ షాకబ్జరే. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో సెకనుకు 12 సార్లు ఎగిరితే, దాదాపు మీటరున్నరకొకసారి టైరు పట్టు వదులుతుంది. వర్షంలో, లారీ వెనక బ్రేకు వేసిన క్షణంలో ఆ పట్టే కావాలి. నా ముందు టైర్ల మీద చేయి పెడితే అక్కడక్కడా గుంటలు గుంటలుగా అరిగి ఉన్నాయి. చక్రం ఎగిరెగిరి పడిన గుర్తులవి. బానెట్ మూల నొక్కి వదిలి, ఊపు వెంటనే ఆగుతుందా అని చూసే పరీక్ష అందరికీ తెలుసు. అది పూర్తిగా చచ్చిన షాకబ్జర్‌ను పట్టిస్తుంది గానీ సగం చచ్చినదాన్ని దాటేస్తుంది. దానికంటే టైరు అరుగుదల, నూనె మరక నిజం చెబుతాయి.

మన చిన్న కార్లలో చాలావాటికి ముందు ఉండేది మెక్‌ఫర్సన్ స్ట్రట్. అమెరికన్ ఇంజనీరు ఎర్ల్ మెక్‌ఫర్సన్ 1940లలో తయారుచేసిన పద్ధతి. ఇందులో చక్రాన్ని నిలువుగా నిలబెట్టే స్తంభం కూడా షాకబ్జరే. అందుకే దాన్ని మార్చాక వీల్ అలైన్‌మెంట్ తప్పనిసరి. ఎడమా కుడీ రెండూ ఒకేసారి మార్చాలి, పైన ఉండే మౌంట్ రబ్బరుతో సహా.

ఇక బుష్‌లు, అంటే సస్పెన్షన్ కీళ్లలో ఉండే రబ్బరు దిండ్లు. సస్పెన్షన్‌లో నిజంగా ముసలిదయ్యేది రబ్బరు. చక్రాన్ని కింది నుంచి కారుకు కలిపే లోయర్ ఆర్మ్ బుష్ తీసి చూస్తే చుట్టూ పగుళ్లు, వేలితో లాగితే పొరలు ఊడాయి. దీని ధర షాకబ్జర్‌తో పోలిస్తే చాలా తక్కువ, కారు నడకలో తెచ్చే మార్పు మాత్రం నన్ను ఆశ్చర్యపరిచింది. రబ్బరు బదులు పాలీయురిథేన్ అనే గట్టి ప్లాస్టిక్‌తో చేసిన బుష్‌లు ఎక్కువకాలం వస్తాయంటారు. నిజమే, కానీ రోడ్డు అదురంతా లోపలికి పంపిస్తాయి. రోజూ తిరిగే కారుకు రబ్బరే నయమని నా అభిప్రాయం.

బిగించేటప్పుడు ఒక సంగతి చూసుకోవాలి, చాలా షెడ్లలో పట్టించుకోరు. ఈ బుష్‌లో రబ్బరు లోపలి గొట్టానికీ బయటి గొట్టానికీ అతుక్కుని ఉంటుంది. ఆర్మ్ కదిలితే రబ్బరు తిరగదు, మెలిపడుతుంది. కారును జాకీ మీద లేపి, చక్రాలు వేలాడుతుండగా బోల్టు బిగిస్తే, కిందికి దింపగానే రబ్బరు మెలిపడిపోతుంది. కారు ఇంట్లో నిలబడి ఉన్నా ఆ మెలి పోదు. కొత్త బుష్ కొన్నాళ్లకే చిరుగుతుంది, నింద కంపెనీ మీద పడుతుంది. బోల్టు వదులుగా పెట్టి, కారు బరువు చక్రాల మీద పడ్డాకే గట్టిగా బిగించాలి. మా మెకానిక్‌ను అడిగితే ఏమీ అనకుండా కారు దింపి, కింద దూరి బిగించాడు.

స్ప్రింగులు పాతవే ఉంచాను. టైర్లు కంపెనీ సైజులోనే కొత్తవి వేయించాను. వీల్ పెద్దది చేస్తే టైరు పక్కగోడ పొట్టిదవుతుంది, గుంతను మొదట మింగేది ఆ గోడే.

పోయిన ఆదివారం అమ్మను మళ్లీ కోదాడలో దింపాను. ఈసారి పడవ మాట రాలేదు, చిట్యాల దాటేసరికి నిద్రపోయింది. స్పీడ్ బ్రేకర్ దిగేటప్పుడు వెనక ఎడమవైపు ఇంకా సన్నగా 'టక్'మంటోంది. వెనక యాక్సిల్ బుష్‌లు మిగిలాయి. వానలు పడేలోపు అవీ మార్పించాలి.