స్ట్రిప్‌కు దొరకని మత్తు: కృత్రిమ కానబినాయిడ్లపై అపోహలు, వాస్తవాలు

అపోహ: గంజాయి మూత్రపరీక్ష నెగెటివ్ వచ్చింది, కాబట్టి మావాడు ఏ మత్తూ తీసుకోలేదు.

వాస్తవం: కర్నూలులో నా ఓపీకి వచ్చే తల్లిదండ్రులు ఎంతో ఊరటతో చూపించే కాగితం ఇదే. ఆ పరీక్షలో వాడే స్ట్రిప్ గుర్తించేది గంజాయిలో మత్తునిచ్చే టీహెచ్‌సీ అనే రసాయనం శరీరంలో మార్పు చెందగా ఏర్పడే ఆమ్లాన్ని మాత్రమే. కృత్రిమ కానబినాయిడ్లంటే గంజాయి లాంటి మత్తునిచ్చేలా తయారుచేసి, ఆకుపొడిపై చల్లి అమ్మే రసాయనాలు; వాటి అణునిర్మాణం వేరు గనుక అవి ఆ స్ట్రిప్‌కు చిక్కవు. వాటిని పట్టుకోవడానికి లిక్విడ్ క్రోమటోగ్రఫీతో జోడించిన మాస్ స్పెక్ట్రోమెట్రీ, అంటే రసాయనాలను విడదీసి అణువుల బరువును బట్టి గుర్తించే ప్రయోగశాల పరీక్ష, అవసరం. అక్కడా మూలపదార్థం మూత్రంలో చాలాసార్లు కనిపించదు, శరీరంలో అది మార్పు చెందగా ఏర్పడే మెటబొలైట్లనే వెతకాలి. పోల్చి చూసుకోవడానికి ఆ రసాయనం ప్రామాణిక నమూనా ఉండాలి. కానీ ఒక రసాయనాన్ని నిషేధించేలోగా అణువులో చిన్న మార్పుతో మరొకటి వచ్చేస్తుంది. 2016 జులైలో న్యూయార్క్‌లోని బ్రూక్లిన్‌లో 33 మంది ఒక్కసారిగా మత్తులో కొయ్యబారినప్పుడు, రోగుల నమూనాల్లో ఏఎంబీ-ఫుబినాకా అనే అసలు కృత్రిమ కానబినాయిడ్ దొరకలేదు. దాని నుంచి ఏర్పడిన ఆమ్లమూ, వారు పీల్చిన ఆకుపొడీ కలిసి కారణాన్ని బయటపెట్టాయి. అందుకే రక్తం, మూత్రం నమూనాలు ఆలస్యం లేకుండా తీయాలి. ప్యాకెట్ మిగిలి ఉంటే పారేయకుండా ఆసుపత్రిలో అప్పగించమంటాను. చాలాసార్లు మూత్రం కంటే అదే ఎక్కువ చెబుతుంది.

అపోహ: ఇది కూడా ఆకే, గంజాయి లాంటిదే.

వాస్తవం: ఆకు కేవలం వాహకం. దానిపై చల్లిన రసాయనం అన్నిచోట్లా సమంగా అంటుకోదు కాబట్టి, ఒకే ప్యాకెట్‌లో ఒక దమ్ము ఏమీ చేయకపోవచ్చు, మరో దమ్ము మనిషిని పడగొట్టవచ్చు. అమెరికాలోని క్లెమ్సన్ విశ్వవిద్యాలయంలో జాన్ హఫ్‌మన్ పరిశోధన కోసం తయారుచేసిన జేడబ్ల్యూహెచ్-018 అనే కృత్రిమ కానబినాయిడ్, 2008లో ఐరోపాలో 'స్పైస్' పేరుతో అమ్మిన ఆకుపొడి ప్యాకెట్లలో బయటపడింది. మెదడులో ఇలాంటి మత్తు పదార్థాలు అతుక్కుని పనిచేసే సీబీ1 గ్రాహకాలను టీహెచ్‌సీ పాక్షికంగానే ప్రేరేపిస్తే, ఈ రసాయనాల్లో అనేకం పూర్తిగా ప్రేరేపిస్తాయి. తీవ్రమైన భయం, అనుమానం, లేని గొంతులు వినిపించడం, ఉద్రేకం, మూర్ఛ, గుండెదడ, కొందరిలో మూత్రపిండాల దెబ్బ దాని ఫలితాలే.

అపోహ: గాలి సోకింది, తాయెత్తు కడితే తగ్గిపోతుంది.

వాస్తవం: గుడికో దర్గాకో వెళ్లడాన్ని నేను తప్పుపట్టను, కానీ ఫిట్స్, ఛాతీనొప్పి, స్పృహ తప్పడం ఉంటే ముందు క్యాజువాలిటీకే రావాలి. విరుగుడు మందు లేదు. ఉద్రేకాన్ని, ఫిట్స్‌ను అణచే బెంజోడయజపైన్లు, సెలైన్, గుండె పర్యవేక్షణలతోనే కాపాడతాం. చాలామందిలో లక్షణాలు త్వరగానే తగ్గినా, వంశంలో స్కిజోఫ్రీనియా ఉన్నవారిలో అవి వారాలపాటు నిలిచిపోవచ్చు. రోజూ వాడేవారు ఒక్కసారిగా మానేస్తే నిద్రలేమి, చెమటలు, అరుదుగా ఫిట్స్ కూడా వస్తాయి గనుక, గదిలో పెట్టి తాళం వేసి మాన్పించే పద్ధతికి నేను ఒప్పుకోను.